కౌన్సెలర్ సరే.. జీతమేదీ?

బార్కస్: వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ విద్యార్థిని మృతి కేసులో వెలువడిన తీర్పు ఇది. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న ఉదంతం ఇంకా మరుగున పడలేదు. అయితే బడ్జెట్‌లో జీతానికి పద్దు లేనిదే ఏ పోస్టూ కాగితం దాటదు.

తండ్రి గల్ఫ్‌లో, తల్లీబిడ్డలు ఇక్కడ.. బార్కస్‌లో ఇలాంటి కుటుంబాలు అనేకం. దిగులు పడిన బిడ్డను ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లాలంటే నగరం ఆ కొసకు పోవాలి. అంతదూరం కదిలేది జబ్బు ముదిరాకే. ఉర్దూ తెలిసిన కౌన్సెలర్ బడిలోనే ఉంటే హాజరు తగ్గినప్పుడే పిలిచి మాట్లాడవచ్చు. ప్రస్తుతానికి ఉచిత టెలీమానస్ నంబరు 14416 ఉంది. దానికి ఫోను కావాలి, చాటుగా మాట్లాడుకునే చోటూ కావాలి.