ఒకే డిస్కులో రెండు ఆపరేటింగు సిస్టములు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 నడువవలెనన్న కంప్యూటరులో టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము ఉండవలెను. పాత కంప్యూటర్లలో చాలవాటికి అది లేదు. యంత్రము చక్కగా పనిచేయుచునే యున్నది. దానిని పారవేయుటకు మనసొప్పదు. ఇట్టి స్థితిలో పలువురు పాత విండోస్‌ను అట్లే యుంచి, దాని ప్రక్కనే లినక్స్‌ను నెలకొల్పుకొందురు. ఇంటర్నెట్టు పనులు లినక్స్‌లోను, విండోస్‌లో మాత్రమే నడచు పాత కార్యక్రమములు విండోస్‌లోను జరుపుకొనవచ్చును.

ఇది కష్టమైన పని కాదు. కాని డిస్కును భాగములు చేయునపుడు ఒక్క గీత తప్పుగా గీసినచో ఐదారేండ్ల మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు, ఇంటివారి ఛాయాచిత్రములు ఒక్క నిమిషములో చేజారిపోవును. కావున చేయి పెట్టుటకు ముందు డిస్కు లోపల ఏమి జరుగునో గ్రహించుట అవసరము.

డిస్కులో చోటును లెక్కించు విధము

మొట్టమొదటి హార్డు డిస్కు 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రములోనిది. 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు అందు ఒకదానిపై నొకటి తిరుగుచుండెడివి. అన్ని పళ్లెములలో కలిసి పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడెడు డిస్కులో అంతకు లక్ష రెట్లు పట్టును. పరిమాణము మారినను మూల సూత్రము మారలేదు. డిస్కులోని చోటంతయు సమానమైన చిన్న గదులుగా విభజింపబడి, ప్రతి గదికి ఒక సంఖ్య యుండును. ఈ గదికి సెక్టరు అని పేరు. చిరకాలముగా సెక్టరునకు 512 బైట్లు. క్రొత్త డిస్కులలో 4096 బైట్ల సెక్టరులును ఉన్నవి. తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. సాధనములు సైతము కంప్యూటరునకు ఇట్టి సంఖ్యల వరుసగానే కనబడును.

ఇచట విద్యార్థులకు ఒక సందేహము కలుగును. 500 గిగాబైట్లని అట్టపెట్టెపై నున్న డిస్కు విండోస్‌లో 465 అని కనబడునేమి? తయారు చేయువారు గిగాబైటు అనగా 100 కోట్ల బైట్లని లెక్కింతురు. విండోస్ 1024ను మూడుమార్లు గుణించి, 107,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా గణించును. 50,000 కోట్లను ఈ సంఖ్యచే భాగించినచో 465 పైచిలుకు వచ్చును. చోటు ఎచ్చటికిని పోలేదు. కొలపాత్ర మారినది, అంతే.

పార్టిషన్ అనగా నేమి?

పది ఎకరముల చేను ఇద్దరు అన్నదమ్ములు పంచుకొన్నారనుకొందము. పంపకము నిలుచుటకు మూలము గ్రామ దస్త్రము. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎచట మొదలై ఎచట ముగియును అను సంగతి అందుండును. డిస్కులోని పార్టిషన్ ఇట్టిదే. అచట గట్లు లేవు, కంచెలు లేవు. డిస్కు మొదట నుండు ఒక చిన్న పట్టికలో "ఫలానా సెక్టరు మొదలు ఫలానా సెక్టరు వరకు మొదటి భాగము, అటుపై రెండవ భాగము" అని వ్రాసియుండును. ఆ వ్రాతయే పార్టిషన్.

దీని నుండి రెండు విషయములు తేలుచున్నవి. పట్టికలోని ఒక వరుసను తుడిచివేసినచో భాగము మాయమైనట్లు తోచును గాని, అందలి సమాచారము వెంటనే నశింపదు. దస్త్రము చినిగిన మాత్రమున చేను మాయము కాదు గదా! పైన మరేమియు వ్రాయకున్నచో పట్టికను తిరిగి నిర్మించి సమాచారమును చాలవరకు రాబట్టవచ్చును. రెండవది, ఆ చోటును ఖాళీ అని తలచి మరియొక సిస్టము దున్ని విత్తినచో, దానిక్రింద పడిన పాత పంట మరల రాదు. కావున పొరపాటు జరిగినదని తెలిసిన క్షణముననే ఆ డిస్కుపై వ్రాయుట మానవలెను.

రెండు రకముల పట్టికలు

పట్టికను వ్రాయు పద్ధతులు రెండు వాడుకలో నున్నవి. మొదటిది ఎం.బి.ఆర్. అనునది. ఇది 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్‌.టి. కంప్యూటరుతోను, డాస్ 2.0తోను వచ్చినది. డిస్కులోని మొట్టమొదటి సెక్టరు యొక్క 512 బైట్లలో 446 బైట్లు కంప్యూటరును మేల్కొలుపు చిన్న కార్యక్రమమునకు, 64 బైట్లు పట్టికకు, మిగిలిన 2 బైట్లు గుర్తునకు కేటాయింపబడినవి. ఒక్కొక్క భాగమును వర్ణించుటకు 16 బైట్లు కావలెను. 64ను 16చే భాగించినచో 4. కావున ఈ పద్ధతిలో ముఖ్య భాగములు నాలుగే ఉండగలవు. నాలుగు చాలనప్పుడు వాటిలో ఒకదానిని విస్తృత భాగముగా చేసి, దాని లోపల ఉపభాగములను కల్పింతురు.

ఎందరినో తికమకపెట్టిన చిక్కు ఇచటనే యున్నది. పాత కంప్యూటర్లు కొన్నింటిలో ప్రారంభ భాగము, విండోస్ భాగము, మరమ్మతు భాగము, తయారుదారుల సాధనముల భాగము అని నాలుగు వరుసలును ముందుగనే నిండియుండును. అపుడు డిస్కులో 100 గిగాబైట్లు ఖాళీగా ఉన్నను లినక్స్‌కు భాగము కల్పించుట సాధ్యము కాదు. భూమి యున్నది, దస్త్రములో వరుస లేదు!

ఈ పద్ధతికి మరియొక పరిమితి కలదు. ఇందు సెక్టరు సంఖ్యను 32 బిట్లలో వ్రాయుదురు. 2ను 32 మార్లు గుణించి, దానిని 512చే గుణించినచో సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. 512 బైట్ల సెక్టరులు గల డిస్కులో అంతకు మించిన చోటును ఈ పట్టిక చూపజాలదు.

ఈ లోపములను తొలగించుటకై 1990వ దశకము చివర ఇంటెల్ సంస్థ ఆరంభించిన ఇ.ఎఫ్.ఐ. ప్రణాళికలో భాగముగా జి.పి.టి. అను క్రొత్త పట్టిక రూపొందినది. ఇందు సెక్టరు సంఖ్యకు 64 బిట్లు. సామాన్యముగా 128 భాగములకు వరుసలు. పట్టిక నకలు డిస్కు చివర కూడ భద్రపరుపబడును. పట్టికలో అక్షరము చెడినచో కనిపెట్టుటకు సరిచూపు సంఖ్యయు ఉండును. ఒక దస్త్రము తగులబడినను రెండవది మిగులునట్టి ఏర్పాటు ఇది.

భాగములు వేరుగా ఎందుకుండవలెను?

రెండు సిస్టములను ఒకే భాగములో ఉంచరాదా అను ప్రశ్న సహజము. భాగము ఉత్త స్థలము మాత్రమే. అందు ఏ ఫైలు ఏయే గదులలో నున్నది, ఏ గదులు ఖాళీ, ఎవరికి చదువుటకు అనుమతి కలదు అను లెక్కలు వ్రాయు పద్ధతికి ఫైలు వ్యవస్థ అని పేరు. విండోస్ 1993 నుండి వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని అనుసరించును. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, సాధారణముగా 2008లో స్థిరపడిన ఎక్స్‌ట్ 4 పద్ధతిని వాడును. ఒకే కొట్టులో ఇద్దరు గుమాస్తాలు వేర్వేరు లిపులలో ఒకే చిట్టాను వ్రాసినచో లెక్క తేలదు. కావున ఎవరి గది వారికుండుట మేలు.

ఐనను ఇరువురికి ఉమ్మడి గది యొకటి యుండవచ్చును. లినక్స్ ఎన్.టి.ఎఫ్.ఎస్.ను చదువగలదు, వ్రాయగలదు. విండోస్ మాత్రము అదనపు సాధనము లేనిదే ఎక్స్‌ట్ 4ను చదువదు. అందువలన రెండింటికిని కావలసిన పత్రములను ఎన్.టి.ఎఫ్.ఎస్. భాగములో గాని, ఎక్స్‌ఫాట్ భాగములో గాని ఉంచుట ఆచారము.

కంప్యూటరు మేల్కొను క్రమము

మీట నొక్కగానే పలకపై నున్న చిప్‌లోని కార్యక్రమము మొదట మేల్కొనును. పాత బయోస్ పద్ధతిలో అది డిస్కు యొక్క తొలి సెక్టరును చదివి, అందలి 446 బైట్ల కార్యక్రమమునకు పని అప్పగించును. ఆ చోటు ఒక్కరికే చాలును. కడపట ప్రతిష్ఠించిన సిస్టము ముందున్నదానిని తుడిచివేయును. విండోస్‌ను ముందు, లినక్స్‌ను తరువాత నెలకొల్పవలెనను నియమము ఇందుకే పుట్టినది. లినక్స్‌తో వచ్చు గ్రబ్ అను కార్యక్రమము రెండు పేర్లను చూపి ఏది కావలెనని అడుగును.

క్రొత్తదైన యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో ఇట్టి పోటీ తక్కువ. డిస్కులో ఇ.ఎఫ్.ఐ. సిస్టము భాగమను చిన్న భాగము ఒకటి యుండును. విండోస్‌కు ఒక సంచి, లినక్స్‌కు ఒక సంచి చొప్పున మేల్కొలుపు ఫైళ్లు అందుండును. చిన్నదిగదా, పనికిరానిదని తలచి దీనిని తుడిచివేసినవారికి ఏ సిస్టమును మేల్కొనదు. రెండు సిస్టములను ఒకే పద్ధతిలో, అనగా రెండింటిని బయోస్‌లో గాని రెండింటిని యు.ఇ.ఎఫ్.ఐ.లో గాని, నెలకొల్పవలెనని మరువరాదు.

ఒక ఉదాహరణ

పైన చెప్పిన 465 గిగాబైట్ల డిస్కునే తీసుకొందము. ఇ.ఎఫ్.ఐ. భాగము మున్నగు చిన్నవాటికి 1, విండోస్‌కు 200, లినక్స్‌కు 60, జ్ఞాపకశక్తి చాలనప్పుడు లినక్స్ వాడుకొను స్వాప్ భాగమునకు 8, ఉమ్మడి పత్రములకు మిగిలిన 196. మొత్తము 465. ఎవరి అవసరమును బట్టి వారు అంకెలు మార్చుకొనవచ్చును. కాని కూడిక ముందు కాగితముపై జరుగవలెను. తెరముందు కూర్చుండి అప్పటికప్పుడు ఊహించుట తగదు.

పాటింపవలసిన జాగ్రత్తలు

మొదటిది, ముఖ్యమైన ఫైళ్లన్నింటిని వేరొక డిస్కునకు నకలు తీయవలెను. అదే డిస్కులోని మరియొక భాగములో ఉంచినది నకలు కాదు. ఇల్లు కాలినచో రెండు గదులును కాలును. తీసిన నకలు తెరచుకొనుచున్నదో లేదో కూడ చూడవలెను.

రెండవది, విండోస్ భాగమును కుదించుట విండోస్‌లోని డిస్కు నిర్వహణ సాధనముతోనే చేయుట క్షేమము. భాగము చివరి అంచును జరుపుట తేలిక. మొదటి అంచును జరుపవలెనన్న లోపలి సమాచారమునంతను కదలింపవలెను. దానికి గంటలు పట్టవచ్చును. నడుమ కరెంటు పోయినచో నష్టము తప్పదు. లాప్‌టాపైనచో బ్యాటరీ నిండుగా నుండవలెను. బల్లమీది కంప్యూటరైనచో యు.పి.ఎస్. ఉండవలెను.

మూడవది, బిట్‌లాకర్ గూఢలిపి రక్షణ ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను ముందుగా కాగితముపై వ్రాసి దాచుకొనవలెను. ఆ సంఖ్య లేనిచో సొంత ఇంటికే తాళము పడును.

నాలుగవది, విండోస్‌లోని శీఘ్ర ప్రారంభమను ఏర్పాటును ఆపివేయవలెను. అది యున్నపుడు విండోస్ పూర్తిగా నిద్రించదు. తన లెక్కలను సగములో నిలిపి కన్నులు మూయును. అట్టి సమయమున లినక్స్ ఆ భాగములో వ్రాసినచో లెక్కలు తారుమారగును.

ఇక గడియారము సంగతి. పలకపైని గడియారము స్థానిక కాలమును చూపుచున్నదని విండోస్ నమ్మును. ప్రపంచ ప్రామాణిక కాలమును చూపుచున్నదని లినక్స్ నమ్మును. భారత కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. కావున లినక్స్‌ను వాడిన పిమ్మట ఉదయము 9 గంటలకు విండోస్ తెరచినచో 3.30 అని చూపవచ్చును. యంత్రము చెడలేదు. రెండింటిలో ఒకదానికి రెండవదాని పద్ధతిని నేర్పినచో సరిపోవును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

గళ్ల కాగితముపై వంద గడులు గీసి 1 నుండి 100 వరకు సంఖ్యలు వేయింపుడు. మొదటి పది గడులను పట్టికకు విడిచి, మిగిలినవాటిని మూడు భాగములుగా పట్టికలో వ్రాయింపుడు. గడుల నడుమ గీతలు మాత్రము గీయనీయకుడు. ఇద్దరు విద్యార్థులు చెరియొక భాగములో పెన్సిలుతో పదములు వ్రాసి, ఏ పదము ఏ గడిలో నున్నదో తమ పుస్తకములలో లెక్క వ్రాసికొనవలెను. ఇప్పుడు పట్టికలోని ఒక వరుసను చెరిపివేయుడు. గడులలోని పదములు చెక్కుచెదరలేదని పిల్లలే చూతురు. తరువాత రెండవ విద్యార్థిని ఆ గడులపై వ్రాయుమనుడు. పాత పదములు ఎట్లు పోవునో అప్పుడు కన్నులకు కట్టును. చివరకు ఒకరి లెక్క పుస్తకమును సగములో మూయించి, అతని గడులలో రెండవవాని చేత నాలుగు పదములు మార్పించి, మొదటివానిని తిరిగి చదువుమనుడు. శీఘ్ర ప్రారంభమును ఎందుకు ఆపవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రయోగమునకు కాగితము, పెన్సిలు చాలును. ఇందు జరిగిన పొరపాటును రబ్బరుతో దిద్దుకొనవచ్చును. డిస్కుపై అట్టి రబ్బరు లేదు. ముందుగా తీసియుంచిన నకలు ఒక్కటే దిక్కు.