ముఖపరిచయం

బారసాల యింట్లో ఒక తమాషా చూస్తూంటాం. ఉయ్యాలలోని పసికందు ఇంకా కళ్ళైనా సరిగా తెరవదు. చుట్టూ చేరిన ముత్తైదువులు అప్పుడే వాటాలు వేసేస్తారు. "ముక్కు అచ్చం తాతగారిదే!" అంటుంది ఒకావిడ. "నుదురు మాత్రం మేనత్త పోలిక" అంటుంది ఇంకొకావిడ. బుగ్గలు మేనమామవని ఒప్పుకునేవరకూ పుట్టింటివారు వదలరు.

నవ్వుకుంటాం గాని, ఇందులో గొప్ప విశేషం వుంది. ఎవరి ముఖంలో చూసినా రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక నోరే గదా! తేడాలు నూలుపోగంత. అయినా తిరునాళ్ళ జనంలో మన పిల్లవాణ్ణి రెప్పపాటులో పట్టేస్తాం. ఇరవై యేళ్ళ తరవాత కనబడ్డ బాల్యస్నేహితుణ్ణి, జుట్టు నెరిసినా సరే, "ఒరే, నువ్వట్రా!" అని కౌగిలించుకుంటాం. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంవారు 2018లో లెక్కవేస్తే, మనిషి సగటున 5,000 ముఖాల దాకా గుర్తుపట్టగలడని తేలింది.

మెదడు ఈ పని ఎలా చేస్తుంది? కళ్ళు వేరుగా, ముక్కు వేరుగా చూసి కూడిక వేయదు. ముఖాన్ని అమరికతో సహా మొత్తంగా ఒక్క చూపులో గ్రహిస్తుంది. కావాలంటే మీ యింట్లోని గ్రూపు ఫొటోను తలకిందులు చేసి చూడండి. కుర్చీ కుర్చీలాగే వుంటుంది, పూలకుండీ పూలకుండీలాగే వుంటుంది. మనుషుల్ని పోల్చుకోవడమే కష్టమౌతుంది. తలకిందులైతే ఇతర వస్తువులకన్న ముఖాలకే ఎక్కువ చిక్కు వస్తుందని 1969లో రాబర్ట్ యిన్ అనే ఆయన చూపించాడు. 1980లో పీటర్ థాంప్సన్ ఇంకొక చమత్కారం చేశాడు. మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్ళూ నోరూ మాత్రం కత్తిరించి, తిరగేసి అతికించాడు. ఆ బొమ్మను తలకిందులుగా చూస్తే అంత వింతగా తోచదు. నిటారుగా తిప్పామా, జడుసుకుంటాం!

ముఖం కనబడినప్పుడు ప్రత్యేకంగా చురుకయ్యే చిన్న ప్రాంతాన్ని, మెదడు అడుగుభాగాన, 1997లో అమెరికాలో నాన్సీ కాన్విషర్ బృందంవారు గుర్తించారు. చాలామందిలో అది కుడివైపున బలంగా వుంటుంది. 2012లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఒక మూర్ఛరోగి మెదడులో ఆ చోట కొద్దిపాటి విద్యుత్తు ప్రసరింపజేశారు. ఎదుటవున్న డాక్టరు ముఖం ఆయన చూస్తూండగానే మారిపోయిందట. మిగతాదంతా మామూలుగానే వుందట.

మరి ఆ భాగం దెబ్బతింటే? 1947లో జర్మను వైద్యుడు యోఆకిమ్ బోడమర్ అలాంటివారి గురించి రాశాడు. తలకు తూటా తగిలిన ఒక యువకుడు స్నేహితుల్నే కాదు, అద్దంలో తన ముఖాన్నే ఆనవాలు పట్టలేకపోయాడు. చూపు పోలేదు, జ్ఞాపకం పోలేదు. కళ్ళూ ముక్కూ కనబడతాయి, ఎవరో తెలియదు! కొందరికి ఏ దెబ్బా తగలకుండానే, పుట్టుకతోనే, ఈ లోపం వుంటుంది. ప్రసిద్ధ వైద్యరచయిత ఆలివర్ సాక్స్ అటువంటివాడే.

నలోపాఖ్యానం పాఠం చెప్పేటప్పుడల్లా నాకు వీళ్ళే జ్ఞాపకం వస్తారు. స్వయంవరంలో దమయంతి ఎదుట ఒకే ముఖంతో అయిదుగురు నలులు! ముఖం దారి చూపలేదు. రెప్పలు వాలుతున్నాయా, చెమట పడుతోందా, పూలదండ వాడిందా, పాదాలు నేలను తాకుతున్నాయా అని చూసి అసలువాణ్ణి వరించింది. ముఖాలు ఆననివారికి దినదినమూ ఆ స్వయంవరమే. గొంతు, నడక, జుట్టు, కట్టుబొట్టు — వీటిమీదే బతుకు సాగాలి.

మా బంధువుల యింటి కోడలు ఒకర్తె వుంది. పెళ్ళయిన కొత్తలో పేరంటాల్లో పినత్తల్ని పలకరించకుండా దాటిపోయేది. "చదువుకుంది కదా, కళ్ళు నెత్తికెక్కాయి" అన్నారు. ఒకసారి అత్తగారు తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చింది. బస్‌స్టాండుకు ఎదురెళ్ళిన కోడలు, ఆ గుండ్ల మధ్య ఆవిడ ఎదుటే నిలబడి, మరెవరినో వెతుక్కుంటూ ముందుకు పోయింది! పదిమందిలో పరువు పోయిందని అత్తగారు రెండు నెలలు మాట్లాడలేదు. ఆ పిల్లకే తన సంగతి తెలియదు. లోకంలో అందరికీ ఇంతే కష్టమని అనుకునేదట. చివరకు ఒక డాక్టరు పరీక్షలు పెట్టి, ఇది మెదడు తీరేగాని పొగరు కాదని తేల్చాడు. విషయం విన్న అత్తగారు, "ముందే తెలిస్తే 'నేనే అమ్మాయీ' అని పిలిచేదాన్ని కదే!" అని కళ్ళొత్తుకుంది. ఆ కోడలు ఇప్పటికీ అత్తగారిని గాజుల చప్పుడును బట్టే పోల్చుకుంటుంది.

ఈ లోపానికి ఖాయమైన మందు ఇంతవరకు లేదు. చుట్టూ వున్నవాళ్ళు చేయగలిగింది మాత్రం వుంది. బడిలో తోటిపిల్లలతో కలవని పిల్లవాణ్ణి బిడియస్థుడని తీసిపారేయకుండా, వాడు స్నేహితుల్ని దేన్నిబట్టి గుర్తుపడుతున్నాడో నెమ్మదిగా అడగండి. పెళ్ళిలో ఎవరైనా మిమ్మల్ని ఎరగనట్టు దాటిపోతే, అలగడానికి ముందు "నేను ఫలానా" అని మీ పేరు చెప్పి చూడండి. ఆ తరవాత కూడా ముఖం చాటేస్తే, అప్పుడు తీరిగ్గా కోపగించుకోవచ్చు!