కోఠీ మేడ

హైదరాబాదులో కోఠీ అనే పేట ఉంది. కోఠీ అంటే పెద్ద మేడ. ఆ మేడ వల్లే పేటకు ఆ పేరు వచ్చింది.

నిజాం దగ్గర ఇంగ్లీషు కంపెనీ తరఫున ఉండే దొరను రెసిడెంటు అనేవారు. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు ఈ మేడ మొదలుపెట్టాడు. ఖర్చు మాత్రం నిజాముది!

మేడ ముందు ఆరు స్తంభాలు. ఒక్కొక్కటి సుమారు 40 అడుగులు. అంటే మన తాటిచెట్టంత. ఇంగ్లండు జమీందార్ల మేడల పద్ధతి ఇది. దూరం నుంచి పాలరాయి అనిపిస్తుంది. కాదు, సున్నం పూత.

దొర భార్య ఖైరున్నీసా. ఆమెకు ఘోషా. వెనక జనానాలో ఉండేది. మగవాళ్లు తిరిగే ముందువైపుకు రాకూడదు. తన ఇంటి ముఖం తనే చూడలేదు. అందుకని అదే మేడను చిన్నగా, బొమ్మరిల్లులా, ఆమె తోటలో కట్టించాడని చెబుతారు. ఆ బొమ్మమేడ ఇంకా ఉంది. 1805లో దొర కలకత్తాలో చనిపోయాడు.

1949లో ఆ మేడలోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది.

ఇది ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం. పాడైపోతుంటే ఈమధ్య బాగుచేశారు. మళ్లీ సున్నమే పూశారు. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. పూత ఉబ్బి రాలిపోతుంది.