తీగలేని సంబంధము – తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి మూలమున పాఠశాలలు మూతపడినప్పుడు తరగతి గది మన యిండ్లలోనికి వచ్చెను. బడులు మరల తెరువబడినను, ఇంటిపనులును ప్రకటనలును అభ్యాసపత్రములును నేటికిని పెక్కు కుటుంబములకు కంప్యూటరు ద్వారముననే చేరుచున్నవి. అయినను, ల్యాప్‌టాపును వైఫైతో కలుపుట యనగానే పెద్దలలో ననేకులు “అది పిల్లవానికే తెలియును” అని తప్పుకొనుచుందురు. యంత్రముపై గనబడు మాటలు సాధారణముగా ఆంగ్లమున నుండుట యిందులకొక కారణము. కావున ఆ విషయమును మన భాషలో వివరించుట యుక్తమని మేము తలంచితిమి.

తీగ లేకుండ వార్త పోవుట క్రొత్త సంగతి కాదు. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసుగారు కంటికి గనబడని తరంగములను గోడ దాటించి, దూరముననున్న గంటను మ్రోగించి చూపిరి. వైఫై, బ్లూటూతు రెండును అట్టి రేడియో తరంగములతోనే పనిచేయును.

వైఫై సంబంధమున రెండు మెట్లు గలవు. మొదటిది ల్యాప్‌టాపునుండి యింటిలోని రౌటరువరకు. ఇది గాలిలో సాగును. రెండవది రౌటరునుండి ఇంటర్నెట్టు నిచ్చు సంస్థవరకు. ఇది సాధారణముగా తీగవెంట సాగును. తెరమూలనుండు విసనకఱ్ఱవంటి గుర్తు నిండుగా నున్నను, అది మొదటి మెట్టు బలమును మాత్రమే తెలుపును.

పాఠము నడుమ నిలిచిపోయినచో, ఫోనులో మొబైల్ డేటాను ఆపి, అదే వైఫైపై పరీక్షింపవలెను. ఫోను పనిచేసి ల్యాప్‌టాపు పనిచేయనిచో లోపము ప్రాయికముగా ల్యాప్‌టాపునందే యుండును. అందు వైఫై ఆపబడినదేమో, ఏరోప్లేన్ మోడ్ పొరపాటున నొక్కబడినదేమో చూడవలెను. పాస్‌వర్డులో ఆంగ్లపు పెద్దయక్షరమునకును చిన్నయక్షరమునకును భేదము గలదని మరువరాదు. రెండును పనిచేయనిచో రౌటరు ప్లగ్గును తీసి, అర నిమిషమాగి, మరల పెట్టవలెను. కొన్ని నిమిషములకును ఫలింపనిచో సంస్థవారికి తెలుపవలెను.

రౌటరును ఇనుప బీరువా వెనుకనో, నేలపైనో యుంచుట మంచిది కాదు. ఇంటి నడుమ, కొంచెమెత్తుగా నుంచవలెను. పలు రౌటర్లలో 2.4, 5 గిగాహెర్ట్‌జ్ అను రెండు మార్గములుండును. మొదటిది గోడలను దాటి దూరము పోవును. రెండవది వేగము గలది గాని దగ్గరకే పరిమితము. మైక్రోవేవ్ పొయ్యియు 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతముననే పనిచేయును. అందుచే అది నడుచునప్పుడు మొదటి మార్గమునకు ఆటంకము కలుగవచ్చును.

హెడ్‌సెట్టు, మౌసు మొదలగువానిని కలుపుటకు బ్లూటూతు ఉపయోగపడును. ఇంటి వస్తువులకు దీని పరిధి సుమారు 10 మీటర్లు. మొదట వస్తువును జతకూడు స్థితిలో నుంచి, పిమ్మట ల్యాప్‌టాపులో దాని పేరును ఎన్నుకొనవలెను. హెడ్‌సెట్టునందు ధ్వని రానిచో, అది పూర్వము జతకూడిన ఫోనుతో ముందే కలిసియుండవచ్చును. ఫోనులోని బ్లూటూతును ఆపిన చాలును. వైఫై ప్రింటరైనచో, అదియు ల్యాప్‌టాపును సాధారణముగా ఒకే నెట్‌వర్కునందుండవలెను.

ఇక ముఖ్యమైనది రక్షణ. వైఫై పాస్‌వర్డు ఇంటి తాళపుచెవి వంటిది. పేరుతోనో, పుట్టినతేదీతోనో దానిని కూర్పరాదు. రౌటరు అమరికలను మార్చుటకు వేరొక పాస్‌వర్డు గలదు. దానినిగూడ మార్చి, పెద్దలే దాచుకొనవలెను. రక్షణవిధము డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని యుండవలెను. అతిథులకు గెస్ట్ నెట్‌వర్కు నిచ్చుట మేలు. రైలుస్టేషనువంటి బహిరంగస్థలమున వైఫై పేరును మాత్రము చూచి నమ్మరాదు. అదే పేరుతో ఎవరైనను వేరొకటి నెలకొల్పగలరు. అచ్చట బ్యాంకు పనులు మానవలెను. మనము కోరని జతకూర్పు విన్నపము వచ్చినచో నిరాకరింపవలెను.

ఇవన్నియు పిల్లలకు మనకంటె త్వరగా తెలియవచ్చును. కాని దేనితో కలుపవచ్చునో, దేనితో కలుపరాదో నిర్ణయించు బాధ్యత పెద్దలది. కావున తల్లిదండ్రులు ఒకనాటి సాయంకాలము బిడ్డ ప్రక్కన కూర్చుండి, యీ పనులను స్వయముగా చేసి చూడవలెనని మేము కోరుచున్నాము. అప్పుడు పాఠము నిలువదు; ఇంటి తలుపును అజాగ్రత్తగా తెరచియుండదు.