దేవుడు మనల్ని శిక్షించడానికి కాచుకుని ఉన్నాడా?

ఈ మధ్య మేము ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాం. ఆ ఇంటి కుమారుడు బైకు ప్రమాదంలో కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. తల్లి మన సంఘంలో నమ్మకంగా ఉన్న సహోదరి. ప్రార్థన ముగిశాక ఆమె మెల్లగా అడిగింది: “అయ్యగారూ, కానుక ఇస్తానని మొక్కుకుని రెండేళ్ళయింది. ఇవ్వలేకపోయాను. అందుకేనా దేవుడు నా బిడ్డను కొట్టాడు?” ఆ మాట ఆమెకు పుట్టింది కాదు, ఎవరో చెప్పారు. చెప్పినవారు బయటివారు కూడా కాదు, సంఘంలోని పెద్దే.

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. పరిచర్య తొలి రోజుల్లో మేమూ అలాంటి ప్రసంగాలు చేశాం. భయపెడితే జనం త్వరగా కదులుతారు. కానుకల పెట్టె కూడా నిండుతుంది. సెమినరీలో మాకు అలా నేర్పలేదు, అయినా చేశాం.

ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని యోహాను తన మొదటి పత్రిక 4:18లో రాశాడు. ఈ వచనాన్ని పరీక్షల భయానికీ, అప్పుల భయానికీ, స్కానింగ్ రిపోర్టు భయానికీ వాడుతుంటాం. అయితే దాని ముందు వచనం చదివితే, అక్కడి విషయం తీర్పు దినం. ఆ దినాన దేవుని యెదుట ధైర్యంగా ఎలా నిలబడతామన్నదే యోహాను మాట. మన బైబిలులో ‘దండన’ అని ఉన్న చోట గ్రీకులో ‘కొలసిస్’ అనే పదం ఉంది. కొత్త నిబంధనలో ఈ పదం రెండే చోట్ల కనిపిస్తుంది: ఇక్కడ, మత్తయి 25:46లో నిత్యశిక్షను గూర్చి ప్రభువు చెప్పిన చోట. కాబట్టి యోహాను చెప్పే భయం ఆ సహోదరి అడిగిన భయమే. దేవుడు నా తప్పులు లెక్కబెట్టుకుని, కొట్టడానికి అదను చూస్తున్నాడనే భయం.

మరి దాన్ని వెళ్ళగొట్టే ప్రేమ ఎవరిది? దేవుని మీద నా ప్రేమ నూరుపాళ్ళు అయితే భయం పోతుందని కొందరు బోధిస్తారు. అప్పుడు నా ప్రేమ చాలిందో లేదో అన్నది ఇంకో కొత్త భయం! యోహాను 10వ వచనంలోనూ 19వ వచనంలోనూ ముందుగా ప్రేమించినది దేవుడేనని స్పష్టం చేశాడు. మన పాపాలకు రావలసిన శిక్ష సిలువ మీద క్రీస్తు భరించాడు. ఒకే బాకీని దేవుడు రెండుసార్లు వసూలు చేయడు.

ఇది తెలిసి కూడా భయపడేవారున్నారు. జాన్ వెస్లీ అప్పటికే గురుపట్టం పొందిన సేవకుడు. 1736 జనవరిలో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడలో వెళ్తుండగా పెద్ద తుఫాను లేచింది. తెరచాప చినిగింది, నీళ్ళు ఓడలోకి పొర్లాయి. ఇంగ్లీషువారు కేకలు వేస్తుంటే జర్మనీ నుండి వచ్చిన మొరేవియన్ విశ్వాసులు కీర్తన ఆపలేదు. వారి స్త్రీలు, పిల్లలు సైతం చావుకు జంకలేదు. వెస్లీకి మాత్రం చావంటే భయం, ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు. 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా, క్రీస్తు తన పాపాలనే తీసివేశాడన్న నిశ్చయత ఆయనకు కలిగింది. ఆ తరువాత కూడా సందేహాలు తిరిగొచ్చాయని తన దినచర్యలో దాచకుండా రాసుకున్నారు. ఆ నిజాయితీ మాకు ఎంతో ఇష్టం. భయం ఒక్క రాత్రిలో పోలేదని మీ విశ్వాసాన్ని అనుమానించకండి.

దేవునియందు భయభక్తులు వద్దని మేము అనడం లేదు. తండ్రిని గౌరవించే కుమారుడు వేరు, యజమాని కొరడాకు వణికే దాసుడు వేరు. రోమా 8:15లో పౌలు చూపించే తేడా ఇదే. ఆపద వేళ గుండె దడదడలాడటం కూడా పాపం కాదు. గెత్సేమనేలో ప్రభువు ఎంత కలత చెందాడో మార్కు దాచలేదు. తండ్రి మనల్ని దిద్దుతాడు, నిజమే. కానీ తల్లి బాకీకి కొడుకు కాలు విరగ్గొట్టే తండ్రి కాడాయన. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చేశాడు (యోహాను 9).

ఆ సహోదరికి ఇదే చెప్పాం. “మరి మొక్కుబడి?” అంది. “ఇప్పుడు బిడ్డ మందులు చూసుకో అమ్మా. చేతనైనప్పుడు సంతోషంగా ఇవ్వు, జరిమానాలాగా కాదు” అన్నాం. ఆమె చాలాసేపు ఏడ్చింది.

ఆ మాట చెప్పిన పెద్దను కూడా కలిశాం. మంచివాడే. ఆసుపత్రికి రోజూ క్యారియరు తీసుకెళ్తున్నది ఆయన ఇంటివారే. “సంఘంలో విన్నదే చెప్పానయ్యగారూ” అన్నాడు. ఎవరి దగ్గర విన్నావని మేము అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన వింటున్నది మా ప్రసంగాలే.