రక్తవర్గ జన్యువులయందు లేఖకదోషము, గ్రంథపాతము

హైదరాబాదు నగరమున గుడిమల్కాపూరు పూల అంగడిలో దండలు గుచ్చుటను చూచినవారికి ఈ వ్యాసవిషయము సులభముగ బోధపడును. దారమునకు పూలను వరుసగ గుచ్చుచు పోయి చివర కుచ్చు కట్టుదురు. వరుస యంతయు ఒక్కటియే యైనను కుచ్చు మాఱిన దండ వేఱగును. మానవుని ఎఱ్ఱ రక్తకణములపై వ్రేలాడు శర్కరామాలలును ఇట్టివే. కొసన ఎన్-అసిటైల్ గాలక్టోసమిన్ అను శర్కర చేరినచో ఏ వర్గము. గాలక్టోసు చేరినచో బి వర్గము. ఈ రెండును చేరనిచో ఓ వర్గము.

ఈ మాలలను గుచ్చునవి ఎంజైములు. (వీనిని కిణ్వములని వ్రాసినవారును కలరు. కిణ్వమనగా మనకు పులియబెట్టు ద్రవ్యమే స్ఫురించును గావున మేము ఎంజైమను మాటనే గ్రహించితిమి.) ఎంజైమును నిర్మించు క్రమము జన్యువునందు లిఖితమై యున్నది. కావున రక్తవర్గభేదము తుదకు పాఠభేదమే. తాళపత్రప్రతులతో పరిచయము గల మన పరిశోధక విద్యార్థులకు ఇది క్రొత్తగ తోపదు.

ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోము కొసకు చేరువనున్నది. దాని పాఠము ఎడతెగక సాగునది కాదు. ఎక్సానులను ఏడు ఖండములును, వాని నడుమ ఇంట్రానులను ఆఱు ఖండములును కలవు. ప్రతి సిద్ధమగునపుడు ఇంట్రానులు తొలగి, ఎక్సానులు ఒండొంటితో అతుకుకొనును. ఈ ఏడును సమానములు కావు; 354 అమైనో ఆమ్లముల ఎంజైమునకు వలసిన పాఠములో అధికభాగము 6, 7 ఎక్సానులయందే యున్నది. 1990లో యమమోటో ప్రభృతులు ఈ పాఠమును చదివి చూపిరి. ఏ, బి ఎంజైములకు గల భేదము 176, 235, 266, 268 అను నాలుగు స్థానములలోనే. వీనిలోను కడపటి రెండును ప్రధానములు.

ఓ వర్గపు వృత్తాంతము ఛందస్సు నెఱిగినవారికి మఱింత ఆసక్తికరము. కణము జన్యుపాఠమును మూడేసి అక్షరములుగ విభజించి చదువును, మన మగణ యగణాదులవలె. సామాన్యమగు ఓ పాఠమున 6వ ఎక్సానునందు 261వ అక్షరము లోపించినది. ఒక్క అక్షరము జాఱుటచే ఆ పిమ్మటి గణవిభజన యంతయు చెదరి, 117 అమైనో ఆమ్లములు కూర్చునంతలో అకాలవిరామము తగులును. పనిచేయు ఎంజైము పుట్టదు. పద్యమున అక్షరము జాఱినచో పరిష్కర్త యతిప్రాసల బలమున పూరించును. ఇచ్చట పూరించువాడు లేడు.

అయితే ఏ, బి శర్కరలు తగులుకొనుటకు ముందుగ మాలకు ఫ్యూకోసు అను శర్కర చేరవలెను. అట్లేర్పడునది హెచ్ ద్రవ్యము. దీనికి సంబంధించిన జన్యువులు ఎఫ్‌యూటీ1, ఎఫ్‌యూటీ2 అనునవి. 19వ క్రోమోజోముపై ఇరుగుపొరుగుల నున్నవి. మొదటిదాని పని రక్తకణములపై; రెండవదాని పని లాలాజలాది స్రావములలో. ఏబీఓకు భిన్నముగ వీని ఎంజైము పాఠము ఒక్కొక్క ఎక్సానునందే అఖండముగ నున్నది.

1952లో బొంబాయిలో భెండే ప్రభృతులు హెచ్ ద్రవ్యము సైతము లేని రక్తమును వర్ణించిరి. బొంబాయి వర్గమను పేరు అందుండి వచ్చినది. భారతీయులలో దీనికి తఱచుగ కనబడు కారణములు రెండు జన్యువులయందును కలవు. ఎఫ్‌యూటీ1లో 725వ అక్షరము టి యుండవలసినచోట జి యున్నది. అందుచే 242వ స్థానమున ల్యూసీనుకు బదులు ఆర్జినీను చేరి ఎంజైము చెడును. ఇది లేఖకదోషము. ఎఫ్‌యూటీ2 మొత్తమే లేదు. ఇది గ్రంథపాతము. ఆ పాతము కలిగిన తీరు విశేషము. జన్యువునకు ఇరువైపుల 'ఆలూ' అను పునరుక్తపాఠములు కలవు. ఒకే మాట రెండుచోట్ల వచ్చినపుడు లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానికి దూకి నడిమి భాగము విడిచిపోవుట మనమెఱిగినదే. ఇచ్చటను జరిగినది అదియే.

ఇది కేవల పాఠచర్చ కాదు. ఏ, బి ద్రవ్యములను మాత్రమే వెదకు పరీక్షలో బొంబాయి వర్గము ఓ వర్గముగనే కనబడును. కాని ఆ రక్తరసమున హెచ్ ద్రవ్యమును ఎదిరించు ప్రతిరక్షకములు కలవు. ఓ రక్తకణములపై హెచ్ సమృద్ధిగ నుండును. ఓ రక్తమెక్కించినచో ఆ కణములు చిట్లి ప్రాణాపాయము కలుగును. ఓ వర్గము ఎల్లరకు ఈయదగినదని మేమును బడిలో చదివితిమి. ఉపాధ్యాయులు ఈ అపవాదమును కూడ చెప్పుట మంచిది. రోగి రక్తరసమును ఓ కణములతో సరిచూచునపుడు ఈ విరోధము బయటపడును. పిమ్మట హెచ్‌ను గుర్తించు ద్రవ్యముతో నిర్ధారింతురు.

భారతదేశమున ఇట్టివారు సుమారు 10,000 మందికి ఒకరని అంచనా; ఐరోపాలో పదిలక్షలకు ఒకరు. తల్లిదండ్రు లిరువురినుండియు చెడిన పాఠమే వచ్చిననే ఈ వర్గము కలుగును. మేనరికములు గల కుటుంబములలో ఒకే పూర్వజుని పాఠము రెండువైపులనుండి చేరుట కవకాశ మధికము. మన నేలపై ఈ వివాహములను జన్యుశాస్త్రదృష్టితో పరిశీలించి ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ 1963లోనే వ్యాసము ప్రకటించిరి. ఒకరు బొంబాయి వర్గమని తేలినచో తోబుట్టువులలో ఒక్కొక్కరికి అట్టి రక్తముండుటకు నాల్గింట ఒక పాలు అవకాశము కలదు. కావున రక్తనిధివారు దాతను వెదకునపుడు మొదట తోబుట్టువులనే పరీక్షింతురు.