వాటాల ధరలు: గమనము, ప్రత్యావర్తనము

కొరాపుట్ జిల్లాలోని కుందులి వారపు సంతకు అల్లము తెచ్చిన కొండరైతు నొకనిని తలచుకొందము. ప్రొద్దు గ్రుంకుచున్నది, మిగిలిన సరకును తిరిగి మోసికొనిపోలేక తక్కువకు విడుచును. ఆ తగ్గుదల మరుసటి సంతకు నిలువదు. అట్లుగాక అంతటను పంట విస్తారముగ పండి, ఆ వార్త ఒక్కొక్క వర్తకునకే తెలియుచున్నచో, ధర సంత సంతకును దిగుచునే యుండును. తగ్గుదల రెండింటను ఒక్కటే; కారణము వేరు. స్వల్పకాలపు వాటాల వ్యాపారమునందలి రెండు ప్రసిద్ధ మార్గముల భేదము ఇందే యిమిడియున్నది.

మొదటిది గమనానుసరణము: పెరుగుచున్న వాటాను కొనుట, తరుగుచున్నదానిని విడుచుట. వార్త అందరికిని ఒక్కమారే చేరదనియు, కావున మొదలైన గమనము కొంతకాలము సాగుననియు దీని యూహ. రెండవది సగటు ప్రత్యావర్తనము: ధర తన యిటీవలి సగటునుండి మిక్కిలి తొలగినపుడు, తిరిగి చేరునని నమ్మి ఎదురు బేరము చేయుట. అవసరపడినవారి తొందర తీరగానే ధర కుదుటపడునని దీని యూహ.

రెండింటికిని పరిశోధకుల యాధారము కలదు. 1990లో జెగదీశ్, లేమన్ అను పండితులు వేర్వేరుగా ప్రకటించిన అమెరికా వాటాల పరిశీలనలలో మాసము, వారము గడువులందు ధరలు వెనుకకు మరలు లక్షణము కనబడినది. 1993లో జెగదీశ్, టిట్మన్ మూడు మొదలు పండ్రెండు మాసముల గడువున, పెరిగిన వాటాలు ఇంకను ముందునకు సాగుట చూపిరి. కావున ఏది సత్యమనుటకంటె, ఏ గడువునకు ఏది తగుననుటయే సరియైన ప్రశ్న.

ఈ సీమలోని నాల్కో సంస్థను చూడుడు. 1981లో స్థాపితమైన ఈ సంస్థ పంచపట్మాలి కొండపై బాక్సైటును త్రవ్వి, దామంజోడిలో అల్యూమినాగా మార్చుచున్నది. దాని యాదాయము ప్రపంచ లోహపు ధరలతో ముడివడియున్నది. రాయగడ జిల్లా తేరుబలిలో ఫెర్రోక్రోము కర్మాగారము గల ఇంఫా సంస్థకును ఇట్లే. లండను లోహ విపణిలో అల్యూమినియము టన్ను 2020 ఏప్రిలులో 1500 డాలర్లకు దిగువ నుండెను. 2022 మార్చిలో 4000 దాటెను. ఆ సెప్టెంబరు చివరకు 2200కు దిగువకు వచ్చెను. ఎక్కుచున్నంతకాలము “ఇక మరలును” అని ఎదురొడ్డినవాడు నష్టపడెను. శిఖరమున “ఇంకను ఎక్కును” అని చేరినవాడును నష్టపడెను.

అయినను మార్గము తప్పగుటకంటె మార్గము మార్చుట ఎక్కువ ప్రమాదము. లెక్కకు పది బేరములు తీసికొందము. గమనానుసారి నాలుగింట 300 రూపాయల చొప్పున గడించి, ఆరింట 100 చొప్పున పోగొట్టుకొన్నను, 600 మిగులును. ప్రత్యావర్తనవాది ఎనిమిదింట 100 చొప్పున గడించి, రెండింట 300 చొప్పున పోగొట్టుకొన్నను, 200 మిగులును. ఇక గమనమును నమ్మి కొనినవాడు ధర తగ్గగానే “సగటునకు తిరిగివచ్చును” అని పట్టుకొని కూర్చుండి, కొంచెము పెరుగగానే అమ్మివేసెననుకొందము. నాలుగింట 100 చొప్పున లాభము, ఆరింట 300 చొప్పున నష్టము. మొత్తము 1400 నష్టము. దళారి రుసుము, పన్నులు దీనికి అదనము.

ఇది కేవలము ఊహాగణితము కాదు. 2022–23లో నగదు విపణియందు ఒకే దినమున కొని అమ్మిన వ్యక్తులలో పదింట ఏడుగురు నష్టపడిరని సెబీ 2024 జూలైలో ప్రకటించినది. జయపురమునగాని రాయగడలోగాని నేడు చేతిలోని ఫోనుతోనే బేరము ముగియును. పోవునది మాత్రము ఇంటి సొమ్మే. కావున కొనుటకు ముందే మూడు మాటలు వ్రాసికొనవలెను: ధర ఏల కదలినది, ఎంతకాలము వేచియుందును, ఏ ధరవద్ద నా యూహ తప్పని యొప్పుకొందును. ఈ మూడింటికి సమాధానము లేనివాడు ఆ దినమున కొనకుండుటయే మేలు.